సారెపతు కుండ పెంకులు ఏం చెబుతున్నాయి?

రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయం మీద ప్రసంగం వినని విశ్వాసి మన సంఘాల్లో ఉండరేమో. కరవు కాలం. ఏలీయా సారెపతు పట్టణపు గవిని దగ్గరికి వచ్చేసరికి ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటూ ఉంటుంది. ఆమె ఇంట్లో మిగిలింది తొట్టి అడుగున గుప్పెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె. ఆ పిండి గురించి, ఆ నూనె గురించి, ఆమె విశ్వాసం గురించి చాలా సందేశాలు విన్నాం. తొట్టి గురించి, బుడ్డి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

మాట్లాడదగిన సంగతే. ఎందుకంటే సారెపతు కుమ్మరుల ఊరు.

ఈ మాట బైబిల్లో లేదు. నేల తవ్వితే తెలిసింది. ఈనాటి లెబానోను దక్షిణ తీరంలో, తూరు సీదోనుల మధ్య, సరఫంద్ అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున ఒక దిబ్బ ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ప్రిచర్డ్ బృందం 1969 నుంచి 1974 వరకు అక్కడ తవ్వకాలు జరిపింది. పాత రాజభవనమో గొప్ప గుడో దొరుకుతుందని చాలామంది పురాతత్వవేత్తలు ఆశపడతారు. ఇక్కడ ముఖ్యంగా బయటపడింది పనివాళ్ల పేట. మట్టిని నానబెట్టే తొట్లు, నూనె తీసే గానుగ, ఊదారంగు తీసే గవ్వల పెంకులు, వీటన్నిటి నడుమ ఒకటి కాదు రెండు కాదు, 22 కుమ్మరి ఆవాలు. ఒకటి పాడైతే దాని పక్కనో దాని మీదో మరొకటి కట్టుకుంటూ వందల ఏళ్లపాటు అదే చోట కుండలు కాల్చారు. ఏలీయా కాలం, అంటే క్రీ.పూ. 9వ శతాబ్దం, ఆ వందల ఏళ్ల మధ్యలోనే వస్తుంది.

సారెపతు అన్న పేరు కూడా హెబ్రీ భాషలో కరిగించడం, పుటం వేయడం అనే అర్థమున్న ధాతువుకు చెందింది. నిప్పుతో పనిచేసే ఊరికి తగిన పేరే. మన తెలుగులో కుమ్మరి చక్రాన్ని 'సారె' అంటాం కాబట్టి ఆ పేరు మన భాష నుంచే వెళ్లిందని రేపు ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. అది కేవలం శబ్దాల పోలిక. ఇలాంటి పోలికల దగ్గర మనం ఎందుకు ఆగాలో ఇదే వ్యాసంలో మళ్లీ చెప్పవలసి వస్తుంది.

తూరు, సీదోను, గెబలు, అర్వదు, సారెపతు. ఈ తీరపు పట్టణాల వాళ్లనే చరిత్రకారులు ఫినీషియన్లు అంటారు. మన బైబిల్లో ఆ దేశం పేరు ఫేనీకే. సొలొమోను మందిరానికి దేవదారు మానులు పంపిన హీరాము వీళ్ల రాజు. అహాబు భార్య యెజెబెలు వీళ్ల ఆడపడుచు. ప్రభువు దగ్గరికి వచ్చి కూతురి కోసం ప్రాధేయపడిన సురోఫెనికయ స్త్రీ వీళ్ల సంతతి. తర్వాతి కాలంలో గ్రీకులు, వాళ్ల ద్వారా లోకంలో సగం మంది నేర్చుకున్న అక్షరాలు వీళ్లవే. అయినా వీళ్లు రాసుకున్న పుస్తకాల్లో ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. పపైరస్ మీద రాసినవన్నీ సముద్రపు తేమకు కుళ్లిపోయాయి. రాతి మీద చెక్కిన కొన్ని శాసనాలు తప్పిస్తే, వీళ్ల గురించి మనకు తెలిసినదంతా ఇతరులు చెప్పిందే. ఆ ఇతరుల్లో చాలామంది వీళ్ల పోటీదారులో శత్రువులో.

కాబట్టి ఫేనీకేయులు తమ గురించి తాము చెప్పే సాక్ష్యం ఎక్కడుంది అంటే, పగిలిన కుండల్లోనే ఉంది. కుండ పగులుతుంది గాని కుళ్లదు. ఒకసారి కాలిన మట్టి మూడు వేల ఏళ్లు నేలలో ఉన్నా మట్టిలో కలిసిపోదు.

యెహెజ్కేలు 27వ అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. తూరు వర్తకం గురించి ప్రాచీన ప్రపంచంలో ఇంత వివరమైన జాబితా మరొకటి లేదు. వెండి, ఇనుము, తగరము, సీసము, గుర్రాలు, ఏనుగు దంతాలు, ఊదా బట్టలు, గోధుమలు, తేనె, నూనె, ద్రాక్షారసం, ఏ దేశం నుంచి ఏ సరుకు వచ్చిందో పేరుపేరునా ఉంటుంది. ఇశ్రాయేలు, యూదా దేశాల వాళ్లు తెచ్చిన గోధుమలు, నూనె కూడా అందులో ఉన్నాయి. కానీ ఆ నూనె, ఆ ద్రాక్షారసం దేనిలో పోసుకుని తెచ్చారో ప్రవక్త చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరు రాస్తారు? ఈనాడు నూనె ధర గురించి రాసేవాళ్లు ప్లాస్టిక్ డబ్బా గురించి రాయరు కదా. ఆ రోజుల్లో డబ్బా, పీపా, సీసా, గోనె సంచి అన్నీ మట్టి జాడీయే. జాడీ లేకపోతే ఓడకు సరుకే లేదు.

సరే, ఒక జాడీ పెంకు దొరికింది. అది ఎక్కడ తయారైందో ఎలా తెలుస్తుంది? పూర్వం ఆకారాన్ని, రంగును చూసి చెప్పేవారు. ఎర్రటి పూత పూసి నునుపుగా మెరుగుపెట్టిన కూజా, పుట్టగొడుగు తలలా విప్పారిన మూతి కనిపిస్తే ఫేనీకేయులది అని రాసుకునేవారు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆకారాన్ని ఎవరైనా అనుకరించవచ్చు. తూరు కుమ్మరి చేసే కూజాను కుప్రలో కూర్చున్న కుమ్మరి కూడా చేయగలడు. కానీ మట్టిని అనుకరించలేడు. తన కాళ్ల కింద ఉన్న మట్టే తీసుకోవాలి. ఈ చిన్న సత్యం మీదే ఈనాటి పరిశోధన నడుస్తోంది.

మొదటి పద్ధతి పెట్రోగ్రఫీ. రాళ్లను పరీక్షించడానికి భూగర్భ శాస్త్రవేత్తలు వాడే పద్ధతినే కుండలకు వాడతారు. పెంకు నుంచి చిన్న ముక్క కోసి, గాజు పలక మీద అతికించి, మిల్లీమీటరులో వందో వంతుకు మూడు రెట్లు, అంటే 0.03 మి.మీ. మందం మిగిలేదాకా అరగదీస్తారు. మన తల వెంట్రుక కంటే పలుచన. అప్పుడు మట్టి కూడా గాజులా అయిపోయి, దాని గుండా వెలుతురు వెళుతుంది. ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే లోపలి రవ్వలన్నీ రంగురంగులుగా కనిపిస్తాయి. ఇది స్ఫటికపు ఇసుక, ఇది సున్నపురాయి, ఇది అగ్నిపర్వతపు నల్లరాయి, ఇది లక్షల ఏళ్ల కిందటి సముద్రపు పురుగు గుల్ల అని ఒక్కొక్కటి గుర్తుపట్టవచ్చు. తర్వాత ఆ రవ్వలన్నీ కలిసి దొరికే నేల ఏదో భూగర్భ పటంలో వెతుకుతారు.

ఫేనీకే తీరానికి వచ్చేసరికి ఈ పద్ధతికి ప్రకృతే ఒక సహాయం చేసింది. ఐగుప్తులో నైలు నది సముద్రంలో కలిపే ఇసుకను అలలు, ప్రవాహాలు తూర్పుకు, ఆ తర్వాత ఉత్తరానికి మోసుకొస్తాయి. గాజా, అష్కెలోను, యొప్పే తీరాల్లో మనం చూసే ఇసుకలో ఎక్కువ భాగం నైలు తెచ్చిన స్ఫటికమే. ఆ ప్రయాణం దాదాపు కర్మెలు కొండ, అక్కో అఖాతం దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి, తూరు సీదోనుల వైపు వెళ్లే కొద్దీ ఒడ్డున స్ఫటికం తగ్గి, గవ్వల పొడి, సముద్రపు నాచు గట్టిపడిన సున్నపు ముక్కలు ఎక్కువవుతాయి. కుమ్మరి తన మట్టిలో ఒడ్డున దొరికిన ఇసుక కలిపితే చాలు, అతను కర్మెలుకు దక్షిణాన ఉన్నాడా ఉత్తరాన ఉన్నాడా అన్నది ఆ కుండలో ముద్ర పడిపోతుంది. అతనికి తెలియకుండానే తన చిరునామా రాసి కాల్చినట్లు.

కుండలే కాదు, మట్టి పలకల మీద రాసిన ఉత్తరాలనూ ఇలాగే పరీక్షించారు. ఐగుప్తులోని అమర్నా దగ్గర దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు ఉత్తరాల మట్టిని యువల్ గోరెన్ తన సహచరులతో కలిసి పరిశీలించి, ఏ ఉత్తరం ఏ ఊరి మట్టితో చేసిందో 2004లో ఒక పుస్తకంగా ప్రచురించారు. ఆ ఉత్తరాల్లో తూరు పాలకుడు అబీమిల్కు ఫరోకు రాసినవి ఉన్నాయి. అప్పటికి తూరు సముద్రం మధ్యలో ఒక ద్వీపం. శత్రువులు ఒడ్డును పట్టుకున్నారు, మాకు తాగడానికి నీళ్లు లేవు, కాల్చడానికి కట్టెలు లేవు అని అతని మొర. ఇది చదివినప్పుడు నాకు సారెపతు విధవరాలి పుల్లలు గుర్తొచ్చాయి. కుమ్మరి పేటలో మట్టి కలపడానికి నీళ్లు కావాలి, ఆవానికి వంటచెరకు కావాలి. ఏళ్ల తరబడి వాన లేని కాలంలో అలాంటి ఊళ్లో పనివాళ్ల బతుకు ఎలా ఉండి ఉంటుంది? ఆమె భర్త కుమ్మరి అని నేననడం లేదు, వాక్యంలో లేనిదాన్ని చేర్చకూడదు. కానీ ఆమె ఏ ఊరి గవిని ముందు పుల్లలు ఏరిందో తెలిశాక ఆ దృశ్యం నాకు మునుపటిలా కనిపించడం లేదు.

రెండో పద్ధతి రసాయన శాస్త్రానిది. పెంకులోంచి కొద్దిగా పొడి తీసి అణు రియాక్టరులో న్యూట్రాన్ల ముందు ఉంచుతారు. పొడిలోని మూలకాలు కొంతసేపు రేడియోధార్మికంగా మారి, ఒక్కొక్కటి తన సొంత గుర్తుతో గామా కిరణాలు విడుస్తుంది. వాటిని లెక్కపెడితే పది లక్షల్లో ఒకటి రెండు వంతులుగా ఉన్న మూలకాలు కూడా బయటపడతాయి. ఒకే మట్టిగుంట నుంచి వచ్చిన కుండలకు ఈ లెక్కలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఆవాల దగ్గర దొరికిన పెంకులకు ఉన్న విలువ తెలుస్తుంది. కాల్చేటప్పుడు వంకరపోయి పారేసిన కుండను ఎవరూ వేరే ఊరి నుంచి మోసుకురారు కదా. సారెపతు ఆవాల చుట్టూ దొరికినవి సారెపతు మట్టికి నమూనా. దూర దేశంలో దొరికిన పెంకును వాటితో పోల్చవచ్చు.

ఆవం వేడి కూడా తెలుస్తుంది. సున్నం ఉన్న మట్టిని సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిస్తే సున్నం విడిపోయి కొత్త ఖనిజాలు పుడతాయి. కుండలో సముద్రపు పురుగుల గుల్లలు చెక్కుచెదరకుండా ఉంటే అంత వేడి తగల్లేదని, చెదిరిపోతే తగిలిందని అర్థం.

ఇవన్నీ ప్రయోగశాల సంగతులు. వాటి ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. 1997లో అమెరికా నౌకాదళపు చిన్న జలాంతర్గామి ఒకటి, చాలా ఏళ్ల కిందట మునిగిపోయిన ఇశ్రాయేలు జలాంతర్గామి కోసం వెతుకుతూ, అష్కెలోను తీరానికి దూరంగా సముద్రపు అడుగున జాడీల గుట్టలు చూసింది. 1999లో టైటానిక్‌ను కనుగొన్న రాబర్ట్ బల్లార్డ్, హార్వర్డ్‌కు చెందిన పురాతత్వవేత్త లారెన్స్ స్టేగర్ రోబోతో అక్కడికి వెళ్లారు. సుమారు 400 మీటర్ల లోతు. మనిషి దిగలేడు, దొంగలూ దిగలేరు. క్రీ.పూ. 8వ శతాబ్దపు రెండు ఓడలు. చెక్క అంతా పోయింది. సరుకు మాత్రం ఓడ ఆకారంలోనే కూర్చుని ఉంది. ఒక్కొక్క ఓడలో పైకి కనిపించే జాడీలే 380కి పైగా. ఆ ఓడలకు తనిత్, ఎలిస్సా అని పేర్లు పెట్టారు. మొదటిది ఫేనీకేయుల దేవత పేరు, రెండోది కార్తేజ్ నగరాన్ని కట్టిందని చెప్పే తూరు రాకుమార్తె పేరు.

కొన్ని జాడీలను పైకి తెచ్చి పరీక్షించారు. మట్టి లెబానోను తీరానిది. లోపలి గోడలకు చెట్టు బంక పూసి ఉంది. మట్టి జాడీ నీరు పీలుస్తుంది కాబట్టి ద్రాక్షారసం కారిపోకుండా ఆ పూత. ప్రాచీన పానీయాల రసాయన పరీక్షల్లో పేరున్న పాట్రిక్ మెక్‌గవర్న్ ఆ పూతలో టార్టారిక్ ఆమ్లం ఉన్నట్లు చూశారు. అది ద్రాక్షలో ఉండే పులుపు. ఇక ఆ జాడీల కొలతలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎత్తు ఇంచుమించు 69 సెం.మీ., పట్టేది ఇంచుమించు 18 లీటర్లు, ఒకదానికీ మరొకదానికీ తేడా అతి స్వల్పం. ఎవరో ఒక కుమ్మరి తన ఇంటి ముందు కూర్చుని తీరిక ఉన్నప్పుడు చేసిన కుండలు కావివి. కొనేవాడు మూత తీసి కొలవకుండానే ఎంత ద్రాక్షారసం వచ్చిందో లెక్క కట్టుకునేలా, ఓడలో ఒకదాని పక్కన ఒకటి ఇమిడేలా చేసినవి. ఆ రెండు ఓడలూ తీరాన్ని అంటిపెట్టుకుని పోకుండా లోతు సముద్రంలో సాగాయన్నది మరో విశేషం. ప్రాచీన నావికులు ఒడ్డు కనిపించకుండా వెళ్లేవారు కాదన్న పాత అభిప్రాయాన్ని ఇవి మార్చాయి.

టార్టారిక్ ఆమ్లం అన్న దగ్గర మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. చింతపండు పులుపు కూడా అదే ఆమ్లం. మన పల్లెలో పాతకాలపు చారు కుండ పెంకును ఇదే పరీక్షకు పంపితే ఇదే జవాబు వస్తుంది, దాన్ని బట్టి మన తాతలు ద్రాక్షారసం తాగేవారని చెబితే ఎంత తప్పు! మధ్యధరా తీరంలో ఆ కాలంలో ఇంత ఆమ్లం ఇచ్చే పండు ప్రధానంగా ద్రాక్షే, పైగా బంక పూత ఉంది, జాడీ ఆకారం ఉంది, వీటన్నిటినీ కలిపి చూశాకే ద్రాక్షారసం అన్నారు. యంత్రం ఆమ్లం ఉందని మాత్రమే చెబుతుంది. అది దేని నుంచి వచ్చిందో మనిషి ఆలోచించి చెప్పాలి.

ఇదే జాగ్రత్త మరో ఫలితం విషయంలో ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకంటే అది మన దేశం దాకా వస్తుంది. క్రీ.పూ. 11, 10 శతాబ్దాల నాటి, అంటే ఇంచుమించు దావీదు కాలపు, ఫేనీకేయుల చిన్న చిన్న బుడ్లు ఇశ్రాయేలు దేశంలో చాలాచోట్ల దొరికాయి. మందపు గోడలు, సన్నని మూతి. ఏదో విలువైన ద్రవాన్ని కొద్దికొద్దిగా పోయడానికి చేసినట్లు ఉంటాయి. ద్వోరీ నమ్‌దార్, అయెలెత్ గిల్బోవా తదితరులు 27 బుడ్లను పరీక్షించి, వాటిలో 10 బుడ్లలో సిన్నమాల్డిహైడ్ కనిపించిందని 2013లో ప్రకటించారు. దాల్చినచెక్కకు వాసన ఇచ్చే పదార్థం అది. దాల్చినచెక్క మధ్యధరా తీరంలో పండదు. దక్షిణాసియాలోనో ఆగ్నేయాసియాలోనో పండాలి. నిర్గమకాండము 30వ అధ్యాయంలో అభిషేక తైలానికి కలిపిన లవంగిపట్ట ఇదే అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అది నిజంగా అంత దూరం నుంచి వచ్చేదా అన్న ప్రశ్నకు ఈ బుడ్లు ఒక జవాబు కావచ్చు.

కావచ్చు అంటున్నాను. పరిశోధకులు కూడా తమ వ్యాసం శీర్షికలోనే ఆ అవకాశం ఉందని మాత్రమే అన్నారు, తేలిపోయిందని అనలేదు. తవ్వి తీసిన పెంకు ఎన్నో చేతులు మారుతుంది. నేలలోని సూక్ష్మజీవులు, కడిగిన నీళ్లు, దాచిన పెట్టె, పట్టుకున్న చేతి క్రీము, అన్నీ తమ వాసన దాని మీద వదులుతాయి. పాత రోజుల్లో పెంకుల మీది సున్నం పోవడానికి ఆమ్లంతో కడిగేవారు, దాంతో లోపలి జాడలు సగం పోయేవి. అందుకే ఈ రంగంలో మంచి పరిశోధకులు పెంకుతో పాటు దాని చుట్టూ ఉన్న మట్టినీ పరీక్షిస్తారు, రెండిట్లోనూ ఒకే పదార్థం కనిపిస్తే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేస్తారు. ఈ బుడ్ల వార్త మన దగ్గరికి చేరేసరికి ఎలా మారుతుందో నాకు తెలుసు. దావీదు కాలంలో మనవాళ్లే దాల్చినచెక్క పంపారు, సొలొమోను ఓడలు మన రేవులకే వచ్చాయి అని రాసేస్తారు. ఆ పెంకులు అంత మాట అనలేదు. దాల్చినచెక్క ఏ తీరం నుంచి బయలుదేరిందో, ఎన్ని చేతులు మారి చేరిందో వాటిలో లేదు.

మళ్లీ సారెపతు వైపు వద్దాం. ఆ ఊరికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలో, సీదోను వైపు వెళ్లే దారిలో, తెల్ ఎల్-బురక్ అనే చిన్న దిబ్బ ఉంది. బేరూతు అమెరికన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ సాదర్, జర్మనీకి చెందిన యెన్స్ కామ్లా నాయకత్వంలో అక్కడ తవ్వారు. దిబ్బ వాలులో క్రీ.పూ. 7వ శతాబ్దపు ద్రాక్ష గానుగ తొట్టి బయటపడింది. దానిలో సుమారు 4,500 లీటర్ల రసం పట్టేది. ఆ తొట్టికి పూసిన సున్నపు గచ్చును 2020లో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అందులో పగిలిన కుండల పొడి కలిపినట్లు తేలింది. కుండల పొడి కలిసిన సున్నం నీళ్లకు త్వరగా కరగదు, గట్టిగా ఉంటుంది. మన ఊళ్లలో ఇటుక పొడి కలిపి వేసిన పాత గచ్చు గోడలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రోమీయులు కనిపెట్టారని చెప్పుకునే ఈ పని వాళ్లకంటే ముందే ఫేనీకేయులు చేశారు. ఇక అక్కడ దొరికిన జాడీల మట్టి చూస్తే అది దూరపుది కాదు, ఆ పరిసరాలదే. అంటే ఒక పల్లెలో ద్రాక్ష తొక్కడం, దగ్గరలోని కుమ్మరులు ఒకే కొలతతో జాడీలు అందించడం, రేవులో ఓడకు ఎక్కించడం, మొత్తం తీరమంతా ఒకే పనిగా నడిచింది. యెహెజ్కేలు చూసిన తూరు వైభవం వెనుక ఈ పల్లెలన్నీ ఉన్నాయి.

పశ్చిమాన స్పెయిను దేశపు హుయెల్వా పట్టణంలో ఒక పునాది గుంట నుంచి ఎనిమిది వేలకు పైగా పెంకులు తీస్తే, వాటిలో మూడు వేలకు పైగా ఫేనీకేయుల పద్ధతివని 2004లో ప్రచురించారు. అక్కడి దగ్గర వెండి గనులు ఉన్నాయి. యోనా పారిపోవాలనుకున్న తర్షీషు ఈ ప్రాంతమే కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. స్పెయిను తీరంలో మలగ దగ్గర సెర్రో దెల్ విల్లార్ అనే చోట వలస వెళ్లిన ఫేనీకేయులు సొంతంగా ఆవాలు పెట్టుకున్నారు. ఆకారం తూరుది, మట్టి స్పెయినుది. కళ్లతో చూసి పొరబడే చోట మట్టి పరీక్ష ఇలా వేరుచేసి చూపిస్తుంది.

ఇంతకీ దీనివల్ల బైబిలు నిజమని రుజువైందా అని ఎవరైనా అడగవచ్చు. నిజాయితీగా చెప్పాలంటే, ఏ పెంకూ ఏలీయా పేరు చెప్పదు. పిండి తరగకపోవడాన్ని ఏ సూక్ష్మదర్శినీ చూపించదు. అద్భుతాన్ని ప్రయోగశాలకు పంపాలనుకోవడం అద్భుతాన్నీ ప్రయోగశాలనూ రెండిటినీ అర్థం చేసుకోకపోవడమే. పెంకులు చేసే పని వేరే ఉంది. గ్రంథం ఏ లోకంలో నుంచి మాట్లాడుతోందో ఆ లోకాన్ని మన కళ్ల ముందు పెడతాయి. గలిలయలో కాబూలు అనే ఊరి దగ్గర హోర్వత్ రోష్ జాయిత్ అనే చోట జ్వీ గల్ తవ్విన చిన్న కోటలో నిల్వ జాడీలు వందల కొద్దీ దొరికాయి, వాటితో పాటు ఫేనీకేయుల పాత్రలు. సొలొమోను హీరాముకు ఇచ్చిన ఇరవై ఊళ్లకు కాబూలు అని పేరు వచ్చిందని రాజుల మొదటి గ్రంథం 9వ అధ్యాయం చెబుతుంది. ఆ కోట ఆ ఒప్పందానికి రుజువు అనలేం. అయితే గలిలయ పంటకూ ఫేనీకే పాత్రకూ ఆ రోజుల్లో ఎంత దగ్గర సంబంధమో చూపిస్తుంది. గోధుమలు ఇటు నుంచి, పాత్రలు, మానులు అటు నుంచి. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో తూరు సీదోనుల వాళ్లు హేరోదుతో సమాధానపడాలని తొందరపడింది కూడా ఇదే కారణంతో, వాళ్ల తిండి ఇటు నుంచే వెళ్లాలి.

మన ప్రసంగాల్లో ఫేనీకే అనగానే యెజెబెలు గుర్తొస్తుంది. విగ్రహారాధన గుర్తొస్తుంది. అది నిజమే. సారెపతులోనే తనిత్-అష్తోరెతు పేరు చెక్కిన చిన్న దంతపు పలక ఆ పేటలోని గుడిలో దొరికింది. సీదోను రాజు ఎత్బయలు కూతురు యెజెబెలు 16వ అధ్యాయంలో వస్తుంది, అదే సీదోను దేశపు విధవరాలు ఆ వెంటనే 17వ అధ్యాయంలో వస్తుంది. గ్రంథకర్త ఆ ఇద్దరినీ అంత దగ్గరగా ఎందుకు పెట్టాడో ఆలోచించాలి. ఒకరిది రాజనగరు, మరొకరిది ఆవాల పొగ నిండిన పేట. నజరేతు సమాజమందిరంలో ప్రభువు ఈ విధవరాలి పేరెత్తినప్పుడు విన్నవాళ్లు ఆయన్ని కొండ మీద నుంచి తోసేయాలనుకున్నారు. అన్యదేశపు పేదరాలిని తమకంటే ముందు నిలబెట్టడం వాళ్లు సహించలేకపోయారు.

తవ్విన చోటికి చివరిగా ఏమైందో కూడా చెప్పాలి. ప్రిచర్డ్ బృందం 1974లో పని ఆపింది, 1975లో లెబానోనులో అంతర్యుద్ధం మొదలై పదిహేనేళ్లు సాగింది. సారెపతు, తూరు ఉన్న దక్షిణ తీరం ఆ తర్వాత కూడా ప్రశాంతంగా ఉన్నది తక్కువ. 1984 నుంచి ప్రపంచ వారసత్వ స్థలంగా ఉన్న తూరు మీద 2024లో బాంబులు పడ్డాయి. ఆ ఏడాది నవంబరులో యునెస్కో లెబానోనులోని 34 ప్రాచీన స్థలాలకు ప్రత్యేక రక్షణ ప్రకటించింది. ఆ తీరంలో ఇప్పటికీ మన విశ్వాసంలో ఉన్న కుటుంబాలు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి. వాళ్లకోసం ప్రార్థించేటప్పుడు మనం సాధారణంగా దేశం పేరు చెప్పి ఊరుకుంటాం. ఈసారి ఊరి పేరు కూడా చెప్పవచ్చు. సరఫంద్ అంటే సారెపతు.